డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు

ప్రభుత్వ వైద్యశాలకు పరీక్షకై వచ్చిన గర్భవతికి మన ప్రాంతమున మొట్టమొదట నిచ్చునది ఇనుపమాత్ర. వాడుకలో అది ఇనుపమాత్రయే గాని, అందు ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లమను మరియొక పదార్థము కొలదిగా కలిసియుండును. బోదకాలు వ్యాపించిన జిల్లాలలో ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి తిరిగి కన్నులయెదుట మ్రింగించు మాత్ర డై ఇథైల్ కార్బమజీన్. రక్తపు క్యాన్సరు సోకిన పసివారికిని, కీళ్లవాతముతో బాధపడు వృద్ధులకును వైద్యులు వ్రాయు మందు మెథోట్రెక్సేట్. ఈ మూడును ఒకే పరిశోధనశాలనుండి, కొద్దియేండ్ల వ్యవధిలో, ఒకే వ్యక్తి నాయకత్వమున వెలువడినవి. ఆ వ్యక్తి తెలుగువాడు. సంగారెడ్డినుండి పటాన్‌చెరు మీదుగా హైదరాబాదు పోవు మార్గమున మందుల కర్మాగారములు బారులు తీరియున్నవి. వానిలో పగటి షిఫ్టులు, రాత్రి షిఫ్టులు మార్చుకొనుచు పనిచేయు రసాయనశాస్త్ర పట్టభద్రులలో కొందరు మా తరగతిగదులలో తెలుగు పాఠములు విన్నవారే. యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు చెప్పినచో వారిలో ఎందరు గుర్తింతురో సందేహమే.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో ఈయన నాలుగవవారు. తండ్రికి రెవిన్యూశాఖలో చిన్న ఉద్యోగము. ఆరోగ్యము చెడి అదియు ఎక్కువకాలము సాగలేదు. పిల్లవానికి చదువుపై మనసు నిలువలేదు. పదమూడవయేట, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనవంతుడు కావలెనని ఇల్లు విడిచి బయలుదేరగా తల్లి పట్టి తెప్పించినది. మెట్రిక్యులేషన్ పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి చెన్నపురి హిందూ హైస్కూలునుండి ఉత్తీర్ణులైరి. ఈ చదువు కొనసాగుటకు కారణము వెంకమ్మగారి పట్టుదల. భర్త పోయిన తరువాత నగలమ్మి కుమారుని చదివించినదని చెప్పుదురు. మహాపురుషుల జీవితములు వ్రాయువారు బాల్యమునందే ప్రతిభ మొలకెత్తినట్లు కల్పించుట మన అలవాటు. ఈయన విషయమున అట్టి కల్పనకు తావులేదు.

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచుండగా రామకృష్ణమఠమువారి సేవాకార్యములు ఆయనను ఆకర్షించినవి. సన్న్యసింప గోరిరి. తల్లి అంగీకరింపలేదు. సేవచేయగోరువాడు వైద్యుడైనను చేయవచ్చునను ఆలోచనతో మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతట మారుమ్రోగుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు అంగీ తొడుగుకొని వచ్చిరి. ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డుకు ఆగ్రహము వచ్చెను. వ్రాతపరీక్షలలో సమర్థుడైనను పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టము లభింపలేదు, దానికి తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే దక్కినది. ఒక్క అంగీ ఖరీదు ఎంతటిదో ఆయనకు తరువాత బోస్టనులో తెలిసివచ్చెను. ఆ చిన్న పట్టమును చూచి అక్కడి ఆసుపత్రులు వైద్యుడుగా పనినిచ్చుటకు నిరాకరించినవి.

ఈలోపల ఆ కుటుంబముపై పిడుగు పడినది. సుబ్బారావుగారి సోదరులిద్దరు స్వల్పవ్యవధిలో సంగ్రహణికి బలియైరి. నేటి పాఠకులలో చాలమందికి ఈ వ్యాధి తెలియకపోవచ్చును. తిన్నది ఒంటబట్టదు. నాలుక పూసి ఎఱ్ఱబారును. విరేచనములు ఆగవు. రక్తము పలుచనై, మనిషి ఎండి, కట్టెవలె మిగులును. పెద్దలు దీనిని గూర్చి చెప్పునపుడు గొంతు తగ్గించి చెప్పెడివారు. పాశ్చాత్యవైద్యము దీనికి స్ప్రూ అని పేరు పెట్టినదే గాని, దాని మూలమేమో నాడు ఎఱుగదు. చేతిలో వైద్యపట్టమున్న అన్నకు తమ్ముని రక్షించుకొను మార్గము తెలియలేదు. సర్కారు వైద్యశాఖలో ఉద్యోగమునకు ప్రయత్నించి విఫలులై, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించుచు, అచటి మూలికలను, వాని గుణములను శ్రద్ధగా పరిశీలించిరి. ఉష్ణమండల వ్యాధులను మూలముట్ట చదువవలెనను కోరిక అచటనే స్థిరపడినది.

1919లో కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి కుమార్తె శేషగిరితో వివాహమైనది. అమెరికా ప్రయాణమునకు ధనసహాయము చేసినవారిలో మామగారు ముఖ్యులు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థయు తోడ్పడినది. 1920ల తొలియేండ్లలో ఆయన బోస్టను చేరి హార్వర్డు విశ్వవిద్యాలయపు ఉష్ణమండల వైద్యవిద్యాలయమున ప్రవేశించిరి. కొద్ది యేండ్లలో తిరిగివత్తునని భార్యకు చెప్పి వెళ్లినవారు మరల రాలేదు. ఆయన వెళ్లిన తరువాత పుట్టిన కుమారుడు శైశవముననే మరణించెను. తండ్రి ఆ బిడ్డ ముఖము చూడనేలేదు.

పగలు తరగతులు. రాత్రులు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలు కడుగు పని. ఈ వృత్తాంతమును మనవారు కరుణరసముతో నింపి చెప్పుచుందురు. నాకు తోచినంతవరకు సన్న్యాసి కాగోరిన మనుష్యునికి ఆ పని అంత భారముగా తోచియుండదు. 1924లో డిప్లొమా పొంది, జీవరసాయన విభాగమున సైరస్ ఫిస్క్ అను ఆచార్యునితో పరిశోధన మొదలిడిరి.

వారి తొలి విజయము చూపునకు చాల చిన్నది. రక్తములోను మూత్రములోను భాస్వరము ఎంతయున్నదో కొలుచు పద్ధతి. పరీక్షద్రవమునకు మాలిబ్డినపు లవణమును, దానిని క్షయకరించు మరియొక రసాయనమును చేర్చినచో నీలవర్ణము పుట్టును. భాస్వరము హెచ్చిన కొలది నీలము చిక్కనగును. ఆ రంగును ప్రమాణద్రవపు రంగుతో పోల్చి లెక్క కట్టవచ్చును. 1925లో ప్రకటితమైన ఈ ఫిస్క్-సుబ్బారావు పద్ధతి ప్రపంచములోని ప్రయోగశాలలన్నిట ప్రవేశించెను. ఇరువదవ శతాబ్దమున శాస్త్రజ్ఞులు అత్యధికముగా పేర్కొన్న పత్రములలో అదియొకటి.

ఆ నీలవర్ణమే వారిని పెద్దదారి పట్టించెను. కండరముల సారమును ఈ పద్ధతితో పరీక్షించునపుడు రంగు కొద్ది నిమిషములలో పూర్తిగా తేలవలెను. తేలలేదు. ఆలస్యముగా, మెల్లమెల్లగా చిక్కబడుచుండెను. మరియొకడైనచో మందులు పాడైనవని పారబోసి క్రొత్తవి కలిపియుండును. వీరు ఆ ఆలస్యమునే పట్టుకొనిరి. కండరములో భాస్వరము ఏదో సుకుమారమైన సమ్మేళనమున ఇమిడియుండి, పరీక్షద్రవపు ఆమ్లములో విడివడుచుండుటచేతనే రంగు నెమ్మదిగా పెరుగుచున్నదని గ్రహించిరి. ఆ సమ్మేళనము పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో దానిని ప్రకటించిరి. ఆ సంవత్సరమే లండనులో ఎగిల్టన్ దంపతులు కూడ అట్టి పదార్థము జాడ కనిపెట్టిరి. అంతకు ఐదేండ్లముందు, 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము హిల్, మయర్‌హాఫ్ అను ఇరువురికి లభించియుండెను. కండరము సంకోచించుటకు లాక్టిక్ ఆమ్లము మూలమని ఆనాటి నమ్మకము. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడుటతో ఆ నమ్మకము కదలిపోయెను. 1930లో లుండ్స్‌గార్డ్ అను డేనిష్ శాస్త్రజ్ఞుడు లాక్టిక్ ఆమ్లము పుట్టకుండనే కండరము పనిచేయగలదని నిరూపించెను.

1929లో ఫిస్క్, సుబ్బారావులు కండరమునుండి అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ అను పదార్థమును వేరుచేసిరి. శాస్త్రలోకమున దాని పొట్టిపేరు ఏటీపీ. జర్మనీలో కార్ల్ లోమన్ అదే యేట, కొద్ది వారములముందు, స్వతంత్రముగా దానిని ప్రకటించెను. కనుక ఈ కీర్తి ఉభయులదియు. మూడు ఫాస్ఫేటు తునకలు వరుసగా కట్టియున్న అణువది. చివరి తునక విడివడినపుడు శక్తి వెలువడును. తిన్న అన్నము బలముతో ఆ తునక మరల అతుకుకొనును. మన దేహము ఒక్క దినమున తన బరువుతో పోల్చదగినంత ఏటీపీని కట్టుచు విప్పుచు నుండునని లెక్క. గుండెకొట్టుకొనుట, కన్ను చూచుట, ఆలోచన సాగుట ఈ కట్టుట విప్పుటలమీదనే నడచుచున్నవి.

మనుష్యునకే కాదు. తాటికల్లును పులియజేయు ఈస్టు కూడ ఈ నాణెముతోనే సంసారము నడుపుచున్నది. చక్కెర సారాగా మారునపుడు భాస్వరము అవసరమని 1906 ప్రాంతమున ఇంగ్లండులో హార్డెన్ ఈస్టుపై పరిశోధించి చూపియుండెను. ఆ కృషికి ఆయన నోబెల్ బహుమానములో పాలుపొందినది కూడ 1929లోనే. తరువాతికాలమున ముసలితనపు రహస్యము వెదకువారు సైతము ఈస్టునే ఆశ్రయించిరి. తల్లికణము మొగ్గలు తొడిగి పిల్లలను కనుచు, కొన్ని కాన్పుల తరువాత ఆగిపోయి మరణించునని 1959లో మార్టిమర్, జాన్‌స్టన్ అను అమెరికనులు లెక్కించి చూపిరి. కణము తన ఆహారమును, శక్తిని ఎట్లు కనిపెట్టుకొనియుండునో, ఆ కావలి మందగించినచో ఆయువు ఎందుకు పెరుగునో అను ప్రశ్నలపై నేడు జరుగుచున్న పరిశోధనలలో ఏటీపీ ప్రసక్తి లేని పుట కానరాదు.

1930లో ఆయనకు హార్వర్డులో పిహెచ్.డి. వచ్చినది. పదవి మాత్రము రాలేదు. ఏటేట పొడిగించు చిన్న కొలువులోనే మరి పదియేండ్లు గడచినవి. ఫిస్కుతో ఆయన సంబంధము చిక్కైనది. సహచరుడైన జార్జి హిచింగ్స్, 1988లో నోబెల్ బహుమానము పొందినవాడు, ఉత్తరకాలమున ఒక విషయము బయటపెట్టెను. సుబ్బారావుగారు వేరుచేసిన కొన్ని న్యూక్లియోటైడులను ఫిస్క్ అసూయచేత వెలుగు చూడనీయలేదనియు, ఇతరులు ఏండ్ల తరువాత వానిని మరల క్రొత్తగా కనిపెట్టవలసివచ్చెననియు ఆయన చెప్పెను. సుబ్బారావుగారు మాత్రము ఫిస్కును నిందించినట్లు కానరాదు. ఈ మౌనమును కొందరు ఔదార్యమని పొగడుదురు. స్థిరమైన పదవిలేని పరదేశికి మరియొక మార్గమేమున్నదని నేనడుగుదును.

హార్వర్డున ఉండగనే ఆయన దృష్టి కాలేయమువైపు మరలినది. కాలేయము తినిపించినచో ప్రాణాంతకమైన ఒక రకపు పాండురోగము తగ్గునని మైనట్, మర్ఫీ అను వైద్యులు 1926లో చూపిరి. కాలేయములోని ఆ గుణము ఏ పదార్థమునకు చెందినదో ఎవరికిని తెలియదు. 1940లో సుబ్బారావుగారు విశ్వవిద్యాలయము విడిచి న్యూయార్కు రాష్ట్రమున పెర్ల్ రివర్ పట్టణములోని లెడర్లీ మందుల సంస్థలో చేరి, రెండేండ్లలో పరిశోధనలకు సంచాలకులైరి. విద్వాంసుడు వ్యాపారసంస్థకు పోవుట నాడు చిన్నతనముగా నెంచెడివారు. కాని ఆయనకు కావలసిన మనుష్యులు, పాత్రలు, ధనము అచటనే దొరికినవి.

ఇక్కడ బొంబాయి సంగతి కొంచెము చెప్పవలెను. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు మన దేశమునకు వచ్చి, బొంబాయి బట్టలమిల్లులలో పనిచేయు పేద గర్భిణులు రక్తహీనతతో చనిపోవుట చూచినది. కారణము వారి తిండిలోని లోపమని ఊహించి, ఇతర ఉపాయములతో పాటు మార్మైటు అను చౌకైన ఈస్టుసారమును వాడి చూడగా రోగులు కోలుకొనిరి. 1931లో ఆమె దీనిని ప్రకటించినది. ఈస్టులోని ఆ పదార్థమేమో ఆమెకు తెలియదు. 1941లో అమెరికాలోని టెక్సాసున నాలుగు టన్నుల పాలకూరనుండి రవంత పదార్థమును రాబట్టి, ఆకు అను అర్థముగల లాటిన్ పదమునుండి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టిరి. ఈస్టులోనిది, ఆకులోనిది, కాలేయములోనిది, బాక్టీరియాలను పెంచునది అన్నియు ఒకే కుటుంబమని తేలుటకు, ఆ అణువు నిర్మాణము తెలిసి దానిని ప్రయోగశాలలోనే కట్టుటకు సుబ్బారావుగారి బృందమునకు 1945 వఱకు పట్టినది. ఆ విజయమును ప్రకటించిన పత్రమున పదునారుగురి పేర్లున్నవి. సంచాలకుని పేరు మొదటను లేదు, చివరను లేదు. నడుమ ఏడవదిగా నున్నది.

ఆ మందు మొదట ప్రయోగింపబడిన రోగములలో సంగ్రహణి యొకటి. టామ్ స్పైస్ అను వైద్యుడు క్యూబాలో మంచముపట్టిన సంగ్రహణి రోగులకు ఫోలిక్ ఆమ్లమిచ్చి లేవదీసెను. కణము చీలి రెండు కావలెనన్న దాని వంశపత్రమును నకలు తీయవలెను. ఆ నకలునకు ఫోలిక్ ఆమ్లము కావలెను. రక్తకణములు, ప్రేగుల పొరలోని కణములు నిత్యము చీలుచుండునవి కనుక లోపము మొదట వానికే తగులును. సోదరులు మరణించి అప్పటికి పాతికేండ్లు దాటినది.

కాలేయములో ఆయన వెదకిన అసలు పదార్థము మాత్రము ఇతరులకు చిక్కినది. మైనట్, మర్ఫీల పాండురోగమునకు నిజమైన మందు బి12 విటమిను. 1948లో మెర్కు, గ్లాక్సో సంస్థలవారు దానిని వేరుచేసిరి. ఫోలిక్ ఆమ్లము ఆ రోగమున రక్తమును బాగుచేయునే గాని నరములను రక్షింపదు.

ఫోలిక్ ఆమ్లము కణమును చీల్చునదైనచో, దానివలె వేషము వేసి దాని పని చెడగొట్టు అణువు చీలికను ఆపవలెను గదా! ఈ తలంపు బోస్టనులో పసిపిల్లల వైద్యశాలలోని సిడ్నీ ఫార్బరుకు కలుగుటకు విషాదకరమైన అనుభవము కారణము. ఫోలిక్ ఆమ్లపు జాతి మందులిచ్చిన రక్తక్యాన్సరు పిల్లలలో వ్యాధి మరింత వేగముగా పెరిగినట్లు ఆయనకు తోచెను. సుబ్బారావుగారి రసాయనశాస్త్రజ్ఞులు ప్రతికూలమైన అణువులను వరుసగా కట్టి పంపిరి. వానిలో అమినాప్టెరిన్ అనునది పనిచేసినది. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన పత్రమున పదునారుగురు పిల్లలకు మందిచ్చినట్లును, పదిమందిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకంజ వేసినట్లును ఉన్నది. తాత్కాలికమే. ఆ పిల్లలు తరువాత పోయిరి. కాని రక్తక్యాన్సరు మందుతో వెనుకకు తగ్గుటను వైద్యులు అంత స్పష్టముగా చూచుట అదే ప్రథమము. అమినాప్టెరిన్ తోబుట్టువే మెథోట్రెక్సేట్.

ఆ రెండేండ్లలో పెర్ల్ రివరునుండి మరి రెండు మందులు వచ్చినవి. 1947లో బోదకాలు పురుగులపై పనిచేయు హెట్రజాన్. ఇదియే మొదట చెప్పిన డై ఇథైల్ కార్బమజీన్. గోదావరి డెల్టాలో పుట్టినవానికి బోదకాలు ఏమో ఎవరును చెప్పనక్కరలేదు. 1948లో ఆరియోమైసిన్: డెబ్బదియేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు డగ్గర్‌కు సుబ్బారావుగారి విభాగమున చోటు దొరకగా, ఆయన మిస్సూరీ పొలముల మట్టిలోని సూక్ష్మజీవినుండి దానిని తీసెను. టెట్రాసైక్లిన్ జాతికి అది పెద్దక్క.

1948 ఆగస్టు నెలలో ఒక రాత్రి సుబ్బారావుగారు నిద్రలోనే గుండెయాగి మరణించిరి. వయస్సు 53. ఇరువదియైదేండ్లుగా ఎదురుచూచిన శేషగిరమ్మగారికి ఆ వార్త సముద్రములు దాటి వచ్చినది. మనము ఆయనను కొనియాడునపుడు ఈ స్త్రీని ఒక వాక్యములో దాటిపోవుదుము. నేనును అంతకు మించి చేయలేకున్నాను, ఆమె జీవితము వ్రాసిపెట్టినవారు అరుదు గనుక.

నోబెల్ బహుమానము రాలేదను విచారము తెలుగు వ్యాసములలో ఈయన పేరుతో తప్పక వచ్చును. ఆ విచారము నాకు విసుగు పుట్టించును. బహుమానముల పట్టికలో లేని పేరు పాఠ్యపుస్తకములలో నుండవచ్చును గదా; అదియు మనము చేయలేదు. తపాలాశాఖవారు 1995లో శతజయంతికి ఒక బిళ్ల వేసిరి. అంతకు చాలముందే, 1953లో, లెడర్లీలో పనిచేసిన హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు ఒక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసెను. మురుగునీటిని రాళ్లపై పారించి శుద్ధిచేయు వడపోత మడులలో పెరుగు శిలీంధ్రమది.

పటాన్‌చెరు, బొల్లారము ప్రాంతపు కర్మాగారముల వ్యర్థజలము కూడ ఉమ్మడి శుద్ధికేంద్రమునకే పోవును. 1970 నాటి పేటెంటు చట్టము తయారీ విధానమునకు మాత్రమే హక్కునిచ్చి, మందునకు ఈయకపోవుటచేత, ఇతర దేశములలో కనిపెట్టిన మందులను వేఱు మార్గమున చౌకగా చేయు విద్య ఇచట పెరిగినది. మందు చౌకయైనది. నక్కవాగు ఒడ్డు పల్లెల రైతులు మాత్రము పొలములు పాడైనవని సుప్రీంకోర్టు వఱకు వెళ్లిరి. 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడు నీటిని పరీక్షింపగా, అందు సిప్రోఫ్లాక్సాసిన్ అను యాంటీబయాటిక్ లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు ఉన్నది. చికిత్సపొందు రోగి రక్తములో నుండుదానికంటె అది ఎక్కువ. ఆ నీరు చేరిన వాగు అడుగుమట్టిలోని బాక్టీరియాలలో మందులకు లొంగని లక్షణములు పేరుకొనియున్నట్లు తరువాతి పరీక్షలు చూపినవి. ఆరియోమైసిన్ పుట్టినదియు మట్టిలోనే. ఈ మట్టిని, ఈ నీటిని ఏమిచేయవలెనో ఆలోచించుటకు జీవరసాయనము, సూక్ష్మజీవశాస్త్రము చదివిన పిల్లలు మన ఊళ్లలోనే ఉన్నారు. నక్కవాగు మంజీరలో కలియుచునేయున్నది.